మిద్దె మీద నాలుగు తొట్లు: ఇంట్లోనే ఆకుకూర పెంచుకుందాం



మా ఓ.పి.లో తరచుగా జరిగే ఒక సంభాషణతో ఈ నెల ఆరోగ్య పాఠం మొదలుపెడుతున్నాం. రక్తపరీక్ష చీటీ పట్టుకుని ఒక తల్లి కూర్చుంటుంది. చీటీలో హిమోగ్లోబిన్ 8 అని ఉంటుంది. ఐరన్ మాత్రలు ఇచ్చి, "రోజూ ఆకుకూర తినాలమ్మా" అని చెబుతాం. ఆమె సరేనని తల ఊపుతుంది. లేచి వెళ్లబోతూ మాత్రం మనసులో మాట బయట పెడుతుంది. "ఏం ఆకుకూర సిస్టర్? అన్నీ మూసీ నీళ్లతోనే పండిస్తరట గదా! పిల్లలకు పెట్టాలంటే భయమైతది."

ఇంకొకామె ఇలా అంటుంది: "పొద్దున ఏడింటికి డ్యూటీకి పోతే రాత్రికి వస్తాం. వారానికోసారి తెచ్చిన ఆకుకూర రెండో రోజుకే వాడిపోతుంది."

చాలాకాలం ఈ మాటలకు మేము సరైన జవాబు చెప్పలేదు. "బాగా కడిగి వండుకోండమ్మా" అని పంపించేవాళ్లం. తర్వాత మా క్వార్టర్స్ మిద్దె మీద మేమే నాలుగు తొట్లు పెట్టి చూశాం. కొన్ని బాగా వచ్చాయి, కొన్ని చచ్చిపోయాయి. ఒక పెద్ద తప్పు కూడా చేశాం. ఆ తప్పు గురించి కింద చెబుతాం. దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా, సరూర్‌నగర్, చైతన్యపురి, నాగోలు, వనస్థలిపురం కాలనీల్లో ఉండే మన కుటుంబాలకు పనికివస్తుందని, నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాం.

ఒక మాట ముందే చెప్పుకుందాం. మిద్దె తోట ఉన్నంత మాత్రాన సంత మానేయలేం. నలుగురున్న ఇంటికి కావలసిన కూరగాయలన్నీ నాలుగు తొట్లలో పండవు. కానీ వారానికి రెండు మూడు పూటలు మన కళ్లెదుట పెరిగిన తాజా ఆకు పళ్లెంలోకి వస్తుంది. మాత్రలతో మొదలైన మేలు నిలబడడానికి ఆ రెండు మూడు పూటలు సాయపడతాయి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నాం?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన తెలంగాణలోనూ పరిస్థితి దాదాపు అంతే. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కంటే, గర్భిణికి 11 కంటే తగ్గితే సాధారణంగా రక్తహీనత అంటాం. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, పిల్లలకు చదువు మీద ధ్యాస నిలవకపోవడం, కాన్పు సమయంలో ప్రమాదం, ఇవన్నీ దాని వెంట వస్తాయి.

మన నగరంలోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార సూచనలు విడుదల చేసింది. పెద్దవారు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలని అందులో ఉంది. ఆ 400 గ్రాములలో 100 గ్రాములు ఆకుకూరలే కావాలి. మన ఇళ్లలో పళ్లెం నిండా అన్నం, పక్కన చెంచాడు కూర పెట్టుకునే అలవాటు ఎక్కువ. ఈ లెక్కకు మనం చాలా దూరంలో ఉన్నాం.

ఇక మూసీ సంగతి. తల్లులు భయపడడంలో నిజం లేకపోలేదు. నగరం దాటాక మూసీ ఒడ్డున మురుగు కలిసిన నీటితో ఆకుకూరలు, పశువుల గడ్డి పండించడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. ఆ నీటితో సాగుచేసే కుటుంబాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. వారిలో కొంకి పురుగులు, ఏలిక పాములు సోకే ప్రమాదం ఎక్కువని అందులో తేలింది. కొంకి పురుగులు పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. రక్తహీనతకు అదొక కారణం.

అలాగని బజారులో ఆకుకూరలన్నీ మూసీ నీటివే అనుకోవద్దు. ఊళ్ల నుండి బావి నీటితో, బోరు నీటితో పండిన ఆకు కూడా వస్తుంది. భయపడి ఆకుకూరే మానేయడం అన్నిటికంటే పెద్ద నష్టం. వేర్లు కోసేసి, ఆకులు విడదీసి, పారే నీటిలో రెండు మూడు సార్లు కడిగి, బాగా ఉడికించి తింటే పురుగుల గుడ్లు, క్రిముల భయం చాలావరకు పోతుంది. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అందుకే ఇంట్లో పెంచడం ఆ రెంటితో మొదలుపెట్టినా మంచిదే.

ఇది మనకు కొత్త పని కాదు

దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి పొలాలని, ఆ పేరే కాలనీకి నిలిచిందని పెద్దలు చెబుతారు. హైదరాబాదు చుట్టుపక్కల అనబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఉండేవని మన తాతలకు తెలుసు. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు సరూర్‌నగర్ రైతుబజారు మన ప్రాంతానికి పెద్ద ఆసరా అయింది. కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మాత్రం 2022 నాటికి బాటసింగారానికి తరలిపోయింది. పండే చోటు, అమ్మే చోటు మన ఇంటికి దూరమవుతూనే ఉన్నాయి. మిగిలింది మన మిద్దె.

ఆ మిద్దెను వాడుకున్న వారు మన తూర్పు వైపే ఉన్నారు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు ఉప్పల్ అవతల నారపల్లిలో తమ ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి కూరగాయలు పండించారు. "మిద్దెతోట" అన్న మాట ఎన్నో ఇళ్లకు చేరడంలో ఆయన పాత్ర పెద్దది. "సాక్షి" దినపత్రిక "ఇంటిపంట" శీర్షిక కూడా చాలామందికి పాఠశాల అయింది. ఉద్యాన శాఖ "మన ఇల్లు - మన కూరగాయలు" పేరుతో నగరవాసులకు రాయితీ మీద సామగ్రి ఇచ్చింది. ఇలాంటి పథకాలు ఏటేటా మారుతుంటాయి గనుక, వస్తువులు కొనేముందు జిల్లా ఉద్యాన శాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి.

పొరుగు దేశం ఉదాహరణ కూడా ఒకటి ఉంది. బంగ్లాదేశ్‌లో విటమిన్ 'ఎ' లోపం వల్ల పిల్లలకు రేచీకటి వచ్చేది. 1990 ప్రాంతంలో హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ అక్కడి పేద కుటుంబాలకు పెరట్లో కూరగాయలు పెంచడం నేర్పింది. తర్వాత ఆ పని వేల ఊళ్లకు పాకింది. కంటి జబ్బుకు పెరటి మడితో ఎదురు నిలవవచ్చని వారు చూపించారు.

మొదటి మెట్టు: ఎండ, నీరు, బరువు

విత్తనం కొనేముందు ఒక ఆదివారం మధ్యాహ్నం మిద్దె ఎక్కి, లేదా బాల్కనీలో నిలబడి ఈ మూడూ చూసుకోండి.

ఎండ: ఆకుకూరలకు రోజుకు 4 గంటల ఎండ చాలు. టమాట, వంకాయ, బెండ వంటి కాయలకు 6 గంటలు కావాలి. పక్క భవనం నీడ పడే బాల్కనీలో కాయల కోసం పాకులాడకండి. పుదీనా, బచ్చలి, కొత్తిమీర పెట్టండి.

నీరు: కృష్ణా నల్లా నీరు మొక్కలకు మంచిదే, కానీ తాగే నీరు విలువైనది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి పోయండి. సబ్బు నీళ్లు పోయవద్దు. కొన్ని కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అది ఉప్పేనని గుర్తు. అలాంటి చోట నల్లా నీరు కలిపి పోయండి. వాన పడ్డప్పుడు ఆ ఉప్పు కొంత కడుక్కుపోతుంది.

బరువు: దీన్ని చాలామంది మరిచిపోతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు తడి మట్టి 45 కిలోలకు పైనే తూగుతుంది. ఇళ్ల మిద్దెల మీద అదనపు భారాన్ని ఇంజనీర్లు సాధారణంగా చదరపు మీటరుకు 150 కిలోలుగా లెక్కిస్తారు. అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలే. కాబట్టి మిద్దె అంతా మట్టి పరచవద్దు. తొట్లను గోడల మీదుగా, దూలాలు, స్తంభాలు ఉన్న అంచుల్లో పెట్టండి. మధ్యలో ఖాళీ వదలండి. పాత ఇల్లయితే, స్లాబు పెచ్చులూడుతుంటే, ముందు తెలిసిన ఇంజనీరుకు చూపించండి. అద్దె ఇల్లయితే యజమానిని, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ను అడిగి మొదలుపెట్టండి. కింది ఇంటి వారి సీలింగు చెమ్మగిల్లితే కూర కంటే ముందు తగవు పండుతుంది!

రెండో మెట్టు: తొట్టి, మట్టి

ఆకుకూరలకు 6 నుండి 8 అంగుళాల లోతు చాలు. వెడల్పు ఎంత ఉంటే అంత మంచిది. పగిలిన ప్లాస్టిక్ టబ్బు, పాత బకెట్టు, గోనెగుడ్డ పరిచిన పండ్ల క్రేటు, గ్రో బ్యాగు, ఏదైనా సరే. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. తొట్టి కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తితే నీరు నిలవదు, గాలి ఆడుతుంది, స్లాబు ఆరుతుంది.

పురుగుమందు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు మాత్రం ఎంత కడిగినా వాడవద్దు. 2013 జూలైలో బీహార్‌లోని ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిందని పరీక్షల్లో తేలింది. విషం ఉన్న డబ్బా ఎప్పటికీ విషం డబ్బాయే.

మట్టి మిశ్రమం కష్టమేమీ కాదు. ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు 1 పాలు, కొబ్బరి పొట్టు 1 పాలు తీసుకోండి. తొట్టికి గుప్పెడు వేపపిండి కలపండి. కొబ్బరి పొట్టు వల్ల మిశ్రమం తేలికగా ఉంటుంది, తేమ నిలుస్తుంది. పచ్చి పేడ వేయకండి. అది వేర్లను మాడుస్తుంది, రోగక్రిములనూ తెస్తుంది.

వంటింటి చెత్తతో ఎరువు ఇంట్లోనే చేసుకోవచ్చు. రంధ్రాలు చేసిన పాత బకెట్లో కూరగాయల తొక్కలు ఒక పొర, ఎండుటాకులు లేదా కొబ్బరి పొట్టు ఒక పొర వేస్తూ పోవాలి. వారానికోసారి కలపాలి. మాంసం, ఎముకలు, నూనె కూరలు వేస్తే ఎలుకలు వస్తాయి. రెండు మూడు నెలలకు నల్లగా, మట్టి వాసనతో ఎరువు సిద్ధమవుతుంది. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు ఇంకాస్త వేయండి.

మూడో మెట్టు: మొదటి నాలుగు తొట్లలో ఏం వేయాలి?

కొత్తగా మొదలుపెట్టే చాలామంది ముందు టమాట వేస్తారు. దానికి తెగుళ్లు ఎక్కువ, ఓపిక కావాలి. ఒకసారి చచ్చిపోతే మనసు విరిగి తొట్లు మూలకు చేరతాయి. ఆకుకూరతో మొదలుపెట్టినవారు నెల తిరక్కుండానే కూర వండుకుంటారు. మా సలహా ఇది.

మొదటి తొట్టి, తోటకూర: విత్తనం ఇసుకతో కలిపి పలచగా చల్లండి. 25 నుండి 30 రోజుల్లో కోతకు వస్తుంది. వేరుతో పీకకుండా పైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది. మన ఎండను బాగా తట్టుకుంటుంది.

రెండో తొట్టి, మెంతికూర: వంటింట్లోని మెంతులే రాత్రి నానబెట్టి చల్లండి. మూడు నాలుగు వారాల్లో కూర సిద్ధం.

మూడో తొట్టి, గోంగూర లేదా పాలకూర: గోంగూర ఎండాకాలంలోనూ నిలబడుతుంది. పాలకూర చలికాలంలో బాగా వస్తుంది.

నాలుగో తొట్టి, పుదీనా, కొత్తిమీర: బజారు పుదీనా కాడల్లో ముదురువి నాలుగు నీళ్ల గ్లాసులో ఉంచితే వారం పది రోజుల్లో వేర్లు పోస్తాయి. వాటిని నాటండి. ధనియాలను అరచేతితో నలిపి రెండు బద్దలు చేసి చల్లండి. పూర్తి గింజ వేస్తే మొలక ఆలస్యమవుతుంది.

వీటితో పాటు ఒక మూలన బచ్చలి తీగ ముక్క గుచ్చి తాడు కట్టండి. నేల ఉన్నవారు ఒక మునగ, ఒక కరివేపాకు నాటండి. మునగను నడుమెత్తులో కొట్టేస్తూ ఉంటే కొత్త కొమ్మలు వేసి, చేతికందే ఎత్తులోనే ఆకు ఇస్తుంది.

దుకాణంలో కొన్న విత్తనాలు కొన్ని గులాబి రంగులో ఉంటాయి. వాటికి మందు పట్టించారని అర్థం. పిల్లలకు అందకుండా పెట్టండి, చల్లాక చేతులు సబ్బుతో కడగండి.

రెండు మూడు కోతలు తీసి చేయి తిరిగాక కాయగూరలకు వెళ్లండి. బెండలో అర్క అనామిక, పర్భణి క్రాంతి, వంగలో భాగ్యమతి, శ్యామల పేరున్న రకాలు. ఇవి సంకర రకాలు కావు గనుక మంచి కాయ ఒకటి ముదరనిచ్చి విత్తనం దాచుకోవచ్చు.

ఏ కాలంలో ఏది?

జూన్-జూలై (తొలకరి): బెండ, వంగ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, తోటకూర, గోంగూర.

అక్టోబరు-నవంబరు (చలి మొదలు): పాలకూర, మెంతి, కొత్తిమీర, టమాట, ముల్లంగి, క్యారెట్. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే అన్నిటికంటే సులువైన కాలం.

జనవరి-ఫిబ్రవరి: దోస, సొర, బీర, బెండ.

మార్చి-మే (ఎండలు): తోటకూర, గోంగూర, బచ్చలి, పుదీనా. ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో సగం ఎండను ఆపే పచ్చ నెట్టు పైన కట్టండి. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి నీరు పోయండి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

నీరు పోసే ముందు వేలు ఒక అంగుళం మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూట నీరు వద్దు. మా మొదటి తొట్లలో మొక్కలు ఎక్కువగా చచ్చింది దాహంతో కాదు, నీరు ఎక్కువై వేరు కుళ్లడంతోనే.

పురుగు పడితే?

ఆకు అడుగున పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి కనిపిస్తే ముందు నీటి ధారతో కడిగేయండి. బాగా పట్టిన ఆకును తుంచి పారేయండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం పూట చల్లండి. వారానికోసారి, రెండు మూడు సార్లు చేయాలి. కోసే ముందు కొన్ని రోజులు ఆపి, ఆకును బాగా కడిగి వండండి. గొంగళిపురుగులను చేత్తో ఏరేయడమే మేలు. పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు.

పొలానికి కొట్టే పురుగుమందులు మిద్దె మీదకు తేకండి. మీ తొట్టికి, మీ పిల్లవాడి చేతికి మధ్య దూరం రెండడుగులే.

కోతులు, పావురాలు వచ్చే కాలనీల్లో నెట్టు కట్టక తప్పదు. మా పుదీనా వైపు కోతులు రాలేదు. టమాటలు మాత్రం మాకు ఒక్కటీ మిగల్చలేదు.

మేము చేసిన తప్పు: కుండీ కింద పళ్లెం

మొదటి ఏడాది మేము స్లాబు తడవకూడదని ప్రతి కుండీ కిందా ప్లాస్టిక్ పళ్లెం పెట్టాం. వానలు పడ్డాయి. పళ్లేల్లో నీరు నిలిచింది. మెంతికూర ఎంత పచ్చగా ఉందో చూసుకుని మురిసిపోతున్నాం గాని, పళ్లేల్లోకి వంగి చూడలేదు. దోమల తనిఖీకి వచ్చిన మునిసిపల్ సిబ్బంది ఒకరు పళ్లెం ఎత్తి వెలుతురులో చూపించారు. నీటిలో తోకలాడిస్తూ దోమ పిల్లలు! కింద వార్డులో డెంగీ రోగులు, పైన మా మిద్దె మీద ఆ దోమలకే పురుడు. ఆ రోజు మేము పడిన సిగ్గు ఇప్పటికీ మరిచిపోలేదు.

డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగులో కాదు, ఇంటి చుట్టూ నిలిచిన శుభ్రమైన నీటిలో గుడ్లు పెడుతుంది. వెచ్చని రోజుల్లో గుడ్డు దోమ కావడానికి వారం నుండి పది రోజులు చాలు. గుడ్లు పొడిగా ఉన్న పళ్లెం గోడకు అతుక్కుని నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే పారబోయడం ఒక్కటే చాలదు, పీచుతో రుద్ది కడగాలి. 2020 మే నెలలో మన రాష్ట్రంలో "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చింది ఇందుకే. తోట ఉన్న ఇంటికి ఆ పది నిమిషాలు ఏడాది పొడవునా కావాలి.

ఇప్పుడు మా నియమం: కుండీ కింద పళ్లెం లేదు, ఇటుకలే. నీటి డ్రమ్ముకు మూత, మూతకు పైన గుడ్డ. ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు మిద్దె చుట్టూ ఒక చుట్టు. ఈ నియమం పాటించలేని ఇల్లు తోట పెట్టకపోవడమే మంచిది. ఇది కఠినంగా అనిపించవచ్చు. డెంగీ వార్డులో రాత్రులు గడిపిన వారిగా ఈ మాట అంటున్నాం.

కింద నేల మీద మడి ఉన్నవారికి ఇంకొక మాట. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీల్లోకి మురుగు కలిసిన నీరు వచ్చిన సంగతి మనకు గుర్తే. అలా మునిగిన మడిలోని ఆకుకూరను తినవద్దు. పీకేసి, మట్టిని బాగా ఎండనిచ్చి, కొత్త ఎరువు వేసి మళ్లీ విత్తండి.

తోటలో మన ఒంటి జాగ్రత్త

షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా తోటలో తిరగవద్దు. కాలికి గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. చిన్న పుండే పెద్దదవుతుంది.

మట్టిలో మేకు, ముల్లు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా అవసరమో కాదో ఆసుపత్రిలో చూపించుకోండి.

గర్భిణులు చేతి తొడుగులు వేసుకోండి. పిల్లులు మలవిసర్జన చేసే మట్టి నుండి గర్భంలోని బిడ్డకు హాని చేసే క్రిమి సోకవచ్చు.

ఆస్తమా ఉన్నవారు పొడి ఎరువు, కొబ్బరి పొట్టు కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ముందు నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు.

పళ్లెంలోకి వచ్చాక

ఆకులోని ఇనుము మాంసంలోని ఇనుమంత తేలికగా ఒంటికి పట్టదు. నిమ్మరసం పిండితే, పక్కన టమాట, జామ, ఉసిరి ఉంటే బాగా పడుతుంది. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే తక్కువ పడుతుంది. గంట ఎడం ఇవ్వండి. తోటకూర, మునగాకులలో ఉండే విటమిన్ 'ఎ' పదార్థం ఒంటికి పట్టాలంటే చెంచా నూనె కావాలి. తరిగాక కడగవద్దు, కడిగాకే తరగండి. ఎక్కువసేపు ఉడికించవద్దు, ఫోలిక్ యాసిడ్ పోతుంది.

విటమిన్ బి12 ఆకుకూరల్లో ఉండదు. అది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం నుండే రావాలి. రక్తహీనతకు బి12 లోపం, కొంకి పురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం కూడా కారణాలు కావచ్చు. అందుచేత పరీక్ష చేయించుకోకుండా తోటకూరతోనే సరిపెట్టుకోకండి.

మీరు అడిగిన ప్రశ్నలు

"మా నాన్నగారికి కిడ్నీ జబ్బు. ఇంట్లో పండింది కదా, పెట్టొచ్చా సిస్టర్?"

ఇంట్లో పండినా బజారులో కొన్నా ఆకుకూరలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ సరిగా పనిచేయని కొందరికి అది రక్తంలో పెరిగి గుండెకు ప్రమాదం తెస్తుంది. ఎంత తినవచ్చో డాక్టరుగారిని అడిగి పెట్టండి. మూత్రంలో రాళ్లు పడే తత్వం ఉన్నవారు కూడా పాలకూర, తోటకూర తగ్గించవలసి రావచ్చు.

"నాకు గుండె వాల్వు ఆపరేషన్ అయింది. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను. ఆకుకూర మానేయాలా?"

మానేయనక్కరలేదు. కానీ ఆకుకూరల్లోని విటమిన్ 'కె' వార్ఫారిన్, ఎసిట్రామ్ వంటి మాత్రల పనిని తగ్గిస్తుంది. ఒక వారం అసలు తినకుండా, మరుసటి వారం తోట విరగకాసిందని రోజూ తింటే రక్తపరీక్ష లెక్క తప్పుతుంది. ప్రతి వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినండి. తోట మొదలుపెట్టిన సంగతి డాక్టరుగారికి చెప్పండి.

"కాకరకాయ, మెంతికూర పండిస్తున్నాను. షుగర్ మాత్ర ఆపేయనా అమ్మా?"

ఆపవద్దు. కాకర, మెంతి మంచి ఆహారమే గాని, మాత్రకు బదులు కావు.

"ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో వికారం. ఆకుకూర తింటే మాత్ర మానేయొచ్చా?"

హిమోగ్లోబిన్ బాగా తగ్గినవారికి ఆకుకూర ఒక్కటే త్వరగా సరిచేయలేదు. మాత్ర భోజనం తర్వాత వేసుకుని చూడండి. అయినా వికారం తగ్గకపోతే మా దగ్గరకు రండి, మార్చి చూస్తాం. మాత్ర లోటును పూడుస్తుంది, ఆకుకూర ఆ లోటు మళ్లీ రాకుండా తోడ్పడుతుంది. రెండూ కావాలి.

ఈ నెల ఇంటి పని

1. మిద్దె మీద లేదా బాల్కనీలో ఎండ ఎన్ని గంటలు పడుతుందో రాసుకోండి.

2. పాత టబ్బు ఒకటి వెతికి రంధ్రాలు చేసి, మిశ్రమం నింపండి.

3. వంటింటి మెంతులు గుప్పెడు నానబెట్టి చల్లండి. ఖర్చు దాదాపు లేనట్టే.

4. ఆదివారం పది నిమిషాల చుట్టు ఈ వారం నుండే మొదలుపెట్టండి. తోట ఉన్నా లేకున్నా.

5. రక్తపరీక్ష చేయించుకుని ఏడాది దాటిన తల్లులు, ఎదిగే ఆడపిల్లలు ఒకసారి వచ్చి హిమోగ్లోబిన్ చూపించుకోండి.

మొదట చెప్పిన ఆ తల్లి మాటతో ముగిస్తాం. మాత్రలతో పాటు ఆమెకు మా తొట్టిలోని పుదీనా కాడలు నాలుగు కాగితంలో చుట్టి ఇచ్చాం. మూడు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 10 దాటింది. మాత్రలు క్రమంగా వేసుకోవడమే దానికి ముఖ్య కారణం. కానీ చీటీ ఇచ్చాక ఆమె సంచిలోంచి ఒక చిన్న తోటకూర కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "మా మిద్దె మీదిది సిస్టర్. మూసీ నీళ్లది కాదు. మా పిల్లలు కూడా తింటున్నరు" అంది.

ఆ రోజు మధ్యాహ్నం మా భోజనంలో తోటకూర పప్పు. మీ ఇంట్లోనూ త్వరలో అలాంటి పూట రావాలని కోరుకుంటున్నాం. విత్తనం మిగిలితే ఆరాధన అయ్యాక పక్కవారికి గుప్పెడు ఇవ్వండి.